60 మంది క్లాసు, ఆన్‌లైన్ టీచర్: జర్మన్ కోసం ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కొనాలా?

మేడమ్ గారూ, మీ ప్రశ్న చదివాను. విజయనగరం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నారు. ఈ సెమిస్టర్ మూడో ఏడాది పిల్లలకి జర్మన్ ఎలక్టివ్ పెట్టారు. మీరు జర్మన్ ఎ2 దాకా (ఎ1, ఎ2, బి1, బి2 అని సాగే స్థాయిల్లో రెండోది) చదివారు కాబట్టి బాధ్యత మీ మీద వేశారు. క్లాసులో 60 మంది ఉన్నారు. హైదరాబాదు నుంచి ఒక టీచర్ వారానికి రెండు పీరియడ్లు ఆన్‌లైన్‌లో చెబుతారు. లాంగ్వేజ్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కొనాలా, యాప్ సబ్‌స్క్రిప్షన్లు తీసుకోవాలా అని మేనేజ్‌మెంట్ మిమ్మల్ని అడుగుతోంది. ఏఐ సంగతి, మార్కుల సంగతి, మీరు అసలు ఈ పాఠం చెప్పొచ్చా లేదా అన్న సంగతి కూడా అడిగారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కాలేజీల్లో నేను చాలా ఏళ్లుగా జర్మన్ చెబుతున్నాను, కొన్నాళ్లు జపనీస్ కూడా చెప్పాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ఈ సెమిస్టర్ ఏ సాఫ్ట్‌వేరూ కొనొద్దని చెప్పండి. కారణం చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. పీరియడ్ 50 నిమిషాలు, పిల్లలు 60 మంది. టీచర్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చున్నా ఒక్కొక్కరికి వచ్చేది 50 సెకన్లు. నిజానికి టీచర్ 35 నిమిషాలు మాట్లాడతారు, మిగిలిన సమయం ముందు బెంచీల నలుగురైదుగురికే పోతుంది. వెనక కూర్చున్న కుర్రాడు సెమిస్టర్ మొత్తంలో ఒక్క జర్మన్ వాక్యం కూడా తనంతట తాను పలకకుండా పాసైపోతాడు. అందరూ కలిసి వల్లించడం ఈ లెక్కలోకి రాదు, గుంపులో పెదవులు కదిపితే సరిపోతుంది కదా. మీ ముందుకి ఏ పరికరం తెచ్చినా ఒకటే అడగండి: దీనివల్ల ఒక్కో విద్యార్థి జర్మన్‌లో నోరు తెరిచే నిమిషాలు పెరుగుతాయా, ఆ మాటని ఎవరైనా విని బదులు చెబుతారా? ఈ రెండూ లేకపోతే అది ఎంత ఖరీదైనదైనా మీకు అక్కర్లేదు.

ల్యాబ్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ రెండో దాని దగ్గరే చిక్కు. అమెరికాలో 1958లో వచ్చిన నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ చట్టం నిధులతో కాలేజీల్లో, బడుల్లో టేపు రికార్డర్ల లాంగ్వేజ్ ల్యాబులు వేలకొద్దీ పెట్టారు. చెవులకి హెడ్‌సెట్టు, ముందు మైకు, టేపులో వాక్యం, దాని తర్వాత ఖాళీ, ఆ ఖాళీలో విద్యార్థి పలకడం, ఇదే పద్ధతి. కొన్నేళ్లకే పిల్లలు విసిగిపోయారు, బూత్‌లు మూలపడ్డాయి. ఎంత బాగా పలికినా అవతల ఎవరూ లేరు మరి. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద అమ్ముతున్న వాటిలో చాలావరకు అదే పని చేస్తున్నాయి, రంగులు మాత్రం మారాయి. మన వైపు ఒక కాలేజీలో లైసెన్సు గడువు అయిపోయాక ఆ గదికి తాళం పడడం నేను చూశాను. మీ కాలేజీలో ఫస్టియర్ ఇంగ్లీషు ల్యాబ్ గది ఉండే ఉంటుంది. అందులో పనిచేసే కంప్యూటర్లు పదిహేను, హెడ్‌సెట్లు పదిహేను ఉంటే మీకు కావలసిన గది సిద్ధంగా ఉన్నట్టే.

ఇప్పుడు ఆన్‌లైన్ పీరియడ్ల గురించి. 60 మందిని ఒక ప్రొజెక్టర్ ముందు కూర్చోబెట్టి, ఒకే స్పీకర్‌లో టీచర్ గొంతు వినిపించడమే ఇప్పుడు జరుగుతున్న పని అయితే దాన్ని వెంటనే మార్చండి. వెనక వరసకి జర్మన్ శబ్దాలు సరిగా వినపడవు, టీచర్‌కి పిల్లల గొంతులు అసలే వినపడవు. రెండు పీరియడ్లలో ఒకటి మీరు తీసుకోండి. రెండోదానికి క్లాసుని పదిహేనేసి మంది చొప్పున నాలుగు జట్లు చేసి, వారానికి ఒక జట్టుని ల్యాబ్‌లో హెడ్‌సెట్లతో ఆన్‌లైన్ టీచర్ దగ్గర కూర్చోబెట్టండి. మిగతా 45 మంది అదే సమయంలో పక్క గదిలో మీ దగ్గర ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటారు. అప్పుడు ఒక్కో విద్యార్థికి నెలకోసారి బాగా వచ్చిన టీచర్‌తో నేరుగా మూడు నిమిషాలకు పైగా దొరుకుతుంది. తక్కువే, కానీ ఆ మూడు నిమిషాల కోసం వాళ్లు నాలుగు వారాలు సిద్ధమవుతారు.

మీ పీరియడ్‌లో ఇద్దరిద్దరి సంభాషణ పెట్టండి. 30 జంటలు ఒకేసారి పది నిమిషాలు మాట్లాడితే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు వస్తుంది, దీనికి కరెంటు కూడా అక్కర్లేదు. గోల అవుతుంది, పక్క క్లాసు వాళ్లు వచ్చి అడుగుతారు. ప్రిన్సిపాల్‌ గారికి ముందే చెప్పి ఉంచండి.

టెక్నాలజీ నిజంగా పనికొచ్చేది క్లాసు బయట, పిల్లల చేతిలో ఉన్న ఫోన్‌లో. నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది వాయిస్ నోట్‌ని. రోజుకి ఒక్క నిమిషం చాలు. మొదటి వారం పేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు, పొద్దున్న ఏం తిన్నారు వంటివి. కాగితం చూసి చదవకూడదు. అరవై మందివి రోజూ వినడం ఎవరివల్లా కాదు కాబట్టి రోజుకి పదిమందివి వినండి. వారంలో ఆరు రోజులకి అందరూ అయిపోతారు, మీకు రోజుకి పది నిమిషాలు పడుతుంది. మీరు కూడా వాయిస్‌లోనే ఒక్క వాక్యం బదులు పంపండి. తప్పులన్నీ ఏరి చెప్పొద్దు, ఒక్కటి చెప్పి, వాళ్లు చెప్పిన విషయం మీద ఒక ప్రశ్న వేయండి. "మీ చెల్లెలు ఏం చదువుతోంది?" అని జర్మన్‌లో అడిగితే మర్నాడు ఆ అమ్మాయి తప్పకుండా జవాబు పంపుతుంది. తన మాట ఒకరు విన్నారన్న నమ్మకం కుదిరాక పిల్లలు ఎంత మారతారో మీరే చూస్తారు.

లైవ్ వీడియో కంటే వాయిస్ నోట్ మన ప్రాంతానికి సరిపోతుందనడానికి ఇంకో కారణం ఉంది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వైపు ఊళ్లకి వెళ్లిన పిల్లలకి సాయంత్రం వీడియో కాల్ నిలవదు. వాయిస్ నోట్ చిన్న ఫైలు, సిగ్నల్ దొరికినప్పుడు దానంతట అదే వెళుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. ఆడపిల్లల నంబర్లు, గొంతులు గ్రూపులో తిరగడం ఇళ్లల్లో ఇష్టపడరు, ఆ అభ్యంతరం సబబైనదే. గూగుల్ క్లాస్‌రూమ్‌లో అసైన్‌మెంటుగా పెట్టండి, ఎవరి రికార్డింగ్ అయినా మీకు మాత్రమే వస్తుంది.

పదాల కోసం ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వాడించండి. ఆండ్రాయిడ్‌లో ఉచితం, నెట్ లేకుండా పనిచేస్తుంది. మనిషి చదివినది ఎంత త్వరగా మరిచిపోతాడో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను పరీక్షలు చేసుకుని రాశాడు. మరిచిపోబోయే సమయానికి మళ్లీ అడగడమే ఈ యాప్ చేసే పని. కానీ నెట్‌లో దొరికే వేల కార్డుల కట్టలు దింపుకోనివ్వకండి. వారానికి ఒక జట్టు, ఆ వారం పాఠంలోని మాటలకే కార్డులు చేసి అందరికీ ఇవ్వాలి. కార్డు మీద ఒంటరి పదం కాకుండా చిన్న వాక్యం ఉండాలి, నామవాచకం అయితే ముందు దాని డెర్, డీ, దస్ (లింగాన్ని బట్టి మారే ఆర్టికల్) ఉండాలి, కార్డు వెనక వైపు ఉచ్చారణ ఆడియో ఉండాలి. రోజుకి కొత్తవి పది దాటొద్దు. ఆటలా సాగే యాప్‌లలో వరుస రోజుల స్కోరు ఉంటుంది కదా, దానికి మార్కులు వేయొద్దు. స్కోరు కోసం తేలిక పాఠాన్నే మళ్లీ మళ్లీ చేస్తారు.

వినడానికి జర్మనీ ప్రసార సంస్థ డాయిచ్ వెల్లె వాళ్ల ఉచిత వీడియో కోర్సు బి1 దాకా ఉంది, అది చాలు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్‌లో ఐఐటీ మద్రాసు వాళ్ల జర్మన్ కోర్సులు పెడుతుంటారు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తీసుకోవచ్చు. మీ యూనివర్సిటీ దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటుందో ఎగ్జామినేషన్ సెక్షన్‌లో అడగండి.

ఇక నాకు చాలా ఇష్టమైన విషయం. పిల్లలకి జర్మన్‌ని ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా చెప్పండి. ఆన్‌లైన్ టీచర్ ఇంగ్లీషులో చెబితే చెప్పనివ్వండి, మీ పీరియడ్‌లో మాత్రం తెలుగు వాడండి. చలేస్తోందని చెప్పడానికి ఇంగ్లీషు పద్ధతిలో వెళ్లిన పిల్లలు "ఇష్ బిన్ కల్ట్" అంటారు, అది చలి గురించిన మాట కాకుండా పోతుంది. జర్మన్లు "మీర్ ఇస్ట్ కల్ట్" అంటారు, అచ్చంగా మన "నాకు చలిగా ఉంది" వరసే. "మీర్ గెఫెల్ట్ దస్" కూడా "నాకు ఇది నచ్చింది" లాగే కు-విభక్తితో నడుస్తుంది. డేటివ్ అంటే బెంబేలెత్తే పిల్లలు, అది మన కు-విభక్తిలా నడుస్తుందని చూపిస్తే ఒక్క పీరియడ్‌లో పట్టుకుంటారు. "ఎందుకంటే", "అని" వంటి మాటలతో వచ్చే ఉపవాక్యాల్లో జర్మన్ క్రియ చివరికి పోతుంది, ఇంగ్లీషు మీడియం బుర్రకి అది వింత, తెలుగు బుర్రకి కాదు. జపనీస్‌లో ఇది ఇంకా ఎక్కువ. కర్త, కర్మ, చివర క్రియ, మాట వెనక ప్రత్యయం, అన్నీ మన వరసే.

శబ్దాలూ అంతే. జర్మన్‌లో పదిని "త్సేన్" అంటారు, దాని మొదట వచ్చే శబ్దం మన "చాప", "చలి" మాటల్లోని దంత్య చకారానికి చాలా దగ్గర. జెడ్ అక్షరంతో రాస్తారు కదా అని దాన్ని ఇంగ్లీషు జెడ్‌లా పలకనివ్వకండి. పొట్టి, పొడుగు అచ్చుల తేడా మన చెవికి పుట్టుకతో వచ్చిందే. "ష్టట్" అంటే నగరం, "ష్టాట్" అంటే రాజ్యం, మన పిల్లలు వెంటనే పట్టేస్తారు. మనకి కష్టమైనది మాట చివర హల్లు. తెలుగువాళ్లం చివర ఒక ఉకారం తగిలిస్తాం, రోజు అనే అర్థంలో "టాక్" అనాల్సింది "టాగు" అవుతుంది. నోరు గుండ్రంగా పెట్టి ఈకారం పలికే శబ్దం కూడా కొన్ని వారాలు పడుతుంది. మీ శ్రమంతా ఈ రెండింటి మీదే పెట్టండి.

దీనికి ఫోన్‌లోనే ఒక పరీక్ష ఉంది. కీబోర్డ్ భాష జర్మన్‌కి మార్చి, మైకు నొక్కి మాట పలకమనండి. ఫోన్ ఏం రాసిందో చూడాలి. "ష్టట్" అనబోతే ఫోన్ "ష్టాట్" అని రాసిందనుకోండి, తప్పెక్కడుందో పిల్లవాడికే తెలుస్తుంది, అందరి ముందూ సిగ్గుపడే పని లేదు. అయితే పొడుగు వాక్యాలతో ఈ పరీక్ష చేయొద్దు. వాక్యం ఉంటే యంత్రం సందర్భాన్ని బట్టి ఊహించి సరైన మాట రాసేస్తుంది, ఉచ్చారణ తప్పైనా సరిపోయిందనిపిస్తుంది. ఒంటి మాటలతో, దగ్గరి జతలతో చేయించండి. ఆ జతలు కూడా ఒకే గొంతులో కాకుండా ఆడ, మగ, పెద్ద, చిన్న రకరకాల గొంతుల్లో వినిపించాలి. 1991లో లోగన్, లైవ్లీ, పిసోనీ అనే పరిశోధకులు జపాన్ వాళ్లకి ఇంగ్లీషు ర, ల తేడా ఇలాగే పలువురి గొంతులతో నేర్పించి మెరుగు చూపించారు.

ఏఐ గురించి. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటి దగ్గర రాసుకొచ్చే వ్యాసానికి మార్కులు వేయడంలో అర్థం లేదు. తెలుగులో అడిగితే నిమిషంలో జర్మన్ వ్యాసం ఇస్తుంది. నిషేధించినా ఆగదు. అందుకని రాత పని క్లాసులోనే పెన్నుతో చేయించండి, ఐదారు వాక్యాలు చాలు. ఇంటికెళ్లాక ఆ కాగితం ఫొటో తీసి, "తప్పులు దిద్దొద్దు, ఏ వాక్యంలో ఎలాంటి తప్పుందో మాత్రం తెలుగులో చెప్పు" అని అడగమనండి. తర్వాత తామే దిద్ది రాసి, రెండు కాగితాలూ తేవాలి. దిద్దిన కాగితానికే మార్కు. జవాబు చేతికిచ్చేస్తే పిల్లవాడి తల పనిచేయదు, తప్పు ఎక్కడుందో చెప్పి వదిలితే పనిచేస్తుంది. ఏఐ కూడా అప్పుడప్పుడు లేని తప్పు చూపిస్తుంది. అలాంటిది పట్టుకొచ్చిన పిల్లలకి అదనంగా ఒక మార్కు ఇవ్వండి, వాళ్లు నియమం చదివితేనే అది పట్టుకోగలరు. ఏఐతో గొంతు సంభాషణ బిడియస్తులకి మంచి మొదటి మెట్టు. కానీ అది ఎంత వచ్చీరాని జర్మన్‌నైనా అర్థం చేసుకుని మెచ్చుకుంటుంది. జర్మనీ వెళ్లేవాళ్లకి ఎదురయ్యే వీసా ఆఫీసర్, అక్కడి ఆసుపత్రి హెడ్ నర్సు అలా అర్థం చేసుకోరు. కాబట్టి ఫోన్ తర్వాత పక్కనున్న తోటి విద్యార్థి, ఆ తర్వాత క్లాసు, ఈ వరస తప్పకూడదు.

ఇక్కడే గిడుగు రామమూర్తి గారిని గుర్తుచేసుకోవాలనిపిస్తుంది. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ, సవర అనే గిరిజన భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఎదురుగా మనిషి, చేతిలో నోటుపుస్తకం, అదే ఆయన సరంజామా. మీ పిల్లల ఎదుట కూడా జర్మన్ మాట్లాడే మనుషుల్ని పెట్టొచ్చు. మీ కాలేజీ సీనియర్లు ఎవరో ఒకరు జర్మనీలో ఉంటారు, కనుక్కోండి. చలికాలంలో వాళ్లు మనకంటే నాలుగున్నర గంటలు వెనక, వేసవిలో మూడున్నర. మన సాయంత్రం ఐదు వాళ్లకి మధ్యాహ్నం, భోజన విరామంలో పదిహేను నిమిషాలు ఇవ్వమంటే కాదనరు. అది కుదరకపోతే బస్సు టికెట్ ఎలా కొన్నారో, అద్దె ఇంటికి ఏం అడిగారో జర్మన్‌లో ఒక నిమిషం రికార్డు చేసి పంపమనండి. ఏ పుస్తకంలోని ఆడియో కంటే దాన్ని పిల్లలు ఎక్కువసార్లు వింటారు.

మీ క్లాసులో ఇంట్లో సవర, కువి మాట్లాడే పిల్లలు, ఇచ్ఛాపురం, మందస వైపు నుంచి వచ్చి ఒడియా వచ్చిన పిల్లలు ఉంటే వాళ్లని ముందుకి తీసుకురండి. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, కాలేజీలో ఇంకొకటి నేర్చుకుని వచ్చినవాళ్లు కొత్త భాషకి తక్కువ భయపడడం నేను గమనించాను. జంటల్లో వాళ్లని ఒక్కో బిడియస్తుడి పక్కన కూర్చోబెట్టండి.

పరీక్షల సంగతి పిల్లలకీ తల్లిదండ్రులకీ నిజం చెప్పాలి, ఇది మొహమాటపడే చోటు కాదు. ఎ1 స్థాయికి 45 నిమిషాల పీరియడ్లు 80 నుంచి 200 దాకా పడతాయని జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే జర్మనీ సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది, బి1 కి 350 నుంచి 650. మీ సెమిస్టర్‌లో వచ్చేవి వారానికి రెండు చొప్పున సుమారు 30. అంటే ఎ1 సగం కూడా కాదు. జర్మనీలో ఆస్‌బిల్డుంగ్‌కి (పని, చదువు కలిసిన వృత్తి శిక్షణకి) మామూలుగా బి1 అడుగుతారు, అక్కడ నర్సుగా గుర్తింపుకి బి2. "మూడు నెలల్లో బి1, గ్యారంటీ" అని బోర్డు పెట్టిన చోట పొలం తాకట్టు పెట్టి డబ్బు కట్టిన కుటుంబాలు మన రెండు జిల్లాల్లో ఉన్నాయి. మీ కోర్సు మొదటి రోజే ఈ లెక్క బోర్డు మీద రాయండి. మీరు వాళ్లకి చేసే పెద్ద మేలు అదే కావచ్చు.

పరీక్ష ఏం అడుగుతుందో కూడా చూడాలి. జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే భాగం లేదు, అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలు. దాని మొదటి స్థాయి ఎన్5 లో 180కి 80 వస్తే, ఒక్కో విభాగంలో కనీస మార్కులు దాటితే పాస్. అందుకే సర్టిఫికెట్ చేతిలో ఉండి నోరు మెదపలేని పిల్లలు కనబడతారు. గోథే బి1 లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ విడివిడి మాడ్యూళ్లు, ప్రతిదానిలో 100కి 60 రావాలి. మాట్లాడటంలో 50 వస్తే మిగతావి ఎంత వచ్చినా అది మళ్లీ రాయాల్సిందే.

మీ మార్కులు కూడా దీన్ని బట్టే వేయండి. ఇంటర్నల్‌లో సగమైనా మౌఖికానికి ఇవ్వండి. జంటకి ఐదు నిమిషాలు, 30 జంటలు, మొత్తం 150 నిమిషాలు, అంటే మూడు పీరియడ్లు. సెమిస్టర్‌లో రెండుసార్లు చేయగలరు. సిలబస్ వెనకబడుతుందని ఎవరైనా అంటే పర్వాలేదు, రెండు పాఠాలు తగ్గించండి. సంభాషణ విషయం ముందు చెప్పొద్దు, చీటీ తీయించండి, లేకపోతే బట్టీ పట్టిన నాటకం వింటారు.

మేనేజ్‌మెంట్ ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉంటే ఇవి అడగండి. పాడైన హెడ్‌సెట్ల బదులు కొత్తవి, ల్యాబ్‌కి నిలకడైన నెట్ లైను, ఆన్‌లైన్ టీచర్‌కి వారానికి ఇంకో పీరియడ్ గౌరవ వేతనం. మిగిలితే బాగా చదివిన పేద పిల్లలు ఇద్దరికి ఎ1 పరీక్ష ఫీజు.

చివరిగా, ఎ2 తో మీరు చెప్పొచ్చా అన్నారు. మొదటి సెమిస్టర్‌కి చెప్పొచ్చు, ఉచ్చారణకి రికార్డింగ్‌ల మీద, ఆన్‌లైన్ టీచర్ మీద ఆధారపడండి. తెలియని ప్రశ్న వస్తే రాసుకుని వచ్చే పీరియడ్‌లో జవాబు చెప్పండి. ఈలోగా మీరు బి1 కి చదవడం మొదలుపెట్టండి. ఆ నాలుగు మాడ్యూళ్లు ఒకేసారి రాయనక్కర్లేదు, విడివిడిగా రాసుకోవచ్చు. ముందు మాట్లాడే మాడ్యూల్ రాయండి. రోజూ పిల్లలకి వాయిస్ నోట్ల జవాబులు పంపుతుంటారు కాబట్టి దానికి మీ సాధన అప్పటికే సగం అయి ఉంటుంది. మొదటి వారం వాయిస్ నోట్లకి ఏ ప్రశ్నలు ఇవ్వాలో తేలకపోతే మీ పాఠాల వరస ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.